గుగ్గిలం పొగ

మా మరకతం ముక్కు సంగతి మల్లయ్యపాళెంలో తెలియనివాళ్ళు లేరు. ఊదుబత్తులు చేసే ఇంట్లో పొద్దస్తమానం వాసనల మధ్య బతికే మనిషికి ముక్కు మొద్దుబారిపోవాలి. ఆమెకు మాత్రం ఏడాదికేడాది పదునెక్కింది. పక్కవీధిలో పాలు పొంగితే మా వసారాలో కూర్చుని, "యశోదమ్మ ఈ పొద్దు గూడా పాలు పోగొట్టుకునింది" అనేది. పెళ్ళయిన కొత్తలో నేనొకసారి దొంగచాటుగా బీడీ కాల్చి, వేపాకు నమిలి, ముఖం కడుక్కుని ఇంట్లో అడుగుపెట్టాను. "నోరు కడుక్కుంటే సరిపోతాదా, వేళ్ళు యాడ దాచుకుంటావు?" అంది తలెత్తకుండానే. అంతటితో బీడీకి నీళ్ళు వదిలేశాను.

మాది పెద్ద కంపెనీ ఏమీ కాదు. వెనక వసారాలో కొందరు ఆడవాళ్ళు బత్తీలు చుట్టేవారు. మరకతం మసాలా కలిపేది. నేను అట్టపెట్టెల్లో సర్ది సైకిలు మీద, తర్వాత మోపెడ్ మీద అంగళ్ళకు వేసేవాణ్ణి. మా బత్తీల్లో గుగ్గిలం పాలు కాస్త ఎక్కువ. అది ఆమె పుట్టింటి సరుకు. మా మామ మునెయ్య చిలకల కొండ మీద గుగ్గిలం తీసేవాడు. చెట్టు బెరడుకు గాటు పెట్టి, కారిన బంక గట్టిపడేదాకా ఆగి, బుట్టకెత్తుకుని దిగేవాడు.

ఆ కొండ మా ఇంటి వెనకే. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, సాయంత్రం చిలకలు గూళ్ళకు చేరే వేళ పెరట్లో మాట వినబడేది కాదు. కొండ అడుగున జల ఒకటి ఉండేది. మేమంతా ఆ నీళ్ళే తాగి పెరిగాం. అప్పుడు మంటలు లేవని కాదు. ఎండలు ముదరకముందే పశువులవాళ్ళు ఎండు గడ్డికి నిప్పు పెట్టేవాళ్ళు. ఆ మంట మోకాలి ఎత్తున నడుచుకుంటూ పోయి బండల దగ్గర ఆరిపోయేది. పెద్ద చెట్లకు దాని సంగతే తెలిసేది కాదు. వాన పడగానే అక్కడ లేతగడ్డి లేచేది.

తర్వాత పాళెం పట్నమైంది. ప్లాట్లు కొండ నడుము దాకా ఎక్కాయి. కొండ పాదాన చెత్త గుట్టలు లేచాయి, వాటికి ఎవరో ఒకరు నిప్పు పెట్టేవాళ్ళు. కల్యాణమండపాల నుంచి పెళ్ళివాళ్ళు కాగితపు దీపాలు గాల్లోకి వదిలేవాళ్ళు, అవి ఎక్కడ దిగుతాయో వాళ్ళకు పట్టేది కాదు. ఆదివారం సీసాలతో ఎక్కే బాబులు సరేసరి. ఇవన్నీ చాలవన్నట్టు తలంబ్రాల కంప. పూలు ముచ్చటగా ఉంటాయని ఎవరి పెరట్లోనో పెంచితే అది కొండంతా పాకింది. కొండ కాలితే అన్నిటికంటే ముందు లేచేది అదీ, బోదగడ్డీ. లేచింది మళ్ళీ వేసవికి ఎండుతుంది, ఎండింది మళ్ళీ మండుతుంది. మంట మోకాలి ఎత్తు దాటి మనిషి ఎత్తు దాటింది. ఏ వేసవికి ఆ వేసవి కొండ కాలుతూనే ఉంది. గుగ్గిలం మొక్క మొలిచినా రెండో వేసవి చూసేది కాదు. జల ఎండిపోయింది. తొలకరికి బూడిద కొట్టుకొచ్చి మంచినీళ్ళ చెరువు నల్లబడేది, చేపలు వెల్లకిలా తేలేవి. అడవిపందులు కాలనీల్లోకి దిగాయి. చిలకలు ఎటు పోయాయో పోయాయి. ఒక సాయంత్రం పెరట్లో మేమిద్దరం మామూలు గొంతుతో మాట్లాడుకుంటున్నామని ఉన్నట్టుండి తెలిసొచ్చింది. ఇద్దరికీ ఏడుపొచ్చింది.

డాక్టర్ షహీన్ మా ఇంటికి వచ్చింది ఆ రోజుల్లోనే. పీలేరు పిల్ల. సూదుల డాక్టరు కాదు, విశ్వవిద్యాలయంలో వాసనల మీద పరిశోధన చేసేది. కొండ మీద చెట్లకు పెట్టెలు కట్టి, పొగ వాసన తగిలితే సైరను మోగేటట్టు చేసింది ఆమే. జనం వాటికి ముక్కులని పేరు పెట్టారు. చిక్కేమిటంటే ఆ ముక్కులకు బుద్ధి లేదు. బస్సు పోయినా మోగేవి, ఎవరింట్లో తాళింపు మాడినా మోగేవి, గుళ్ళో హోమం చేసినా మోగేవి. పరుగెత్తి పరుగెత్తి కొండ కాపలావాళ్ళు విసిగిపోయి, చివరకు సైరను మోగినా టీ తాగుతూ కూర్చోవడం మొదలుపెట్టారు.

షహీన్ మా వసారాలో చాప మీద కూర్చుని బుడ్లు వరసగా పెట్టింది. ఒక్కో దానిలో ఒక్కో పొగ. మరకతం మూత తీయడం, వాసన చూడడం, మూత పెట్టడం.

"ఇది టైరు. ఇది చెరుకు పిప్పి. ఇది వేరుశెనక్కాయల పొట్టు. ఇది పచ్చి తలంబ్రాల కంప, గాలి తూరుపు నుంచి తోలేటప్పుడు పట్టినారు, చెరువు నీచు గూడా తగల్తా ఉండాది. ఆ పక్కన ఎవురో బీడీ తాగినారు."

"ఆ బీడీ మా డ్రైవరుదమ్మా," అని షహీన్ గట్టిగా నవ్వింది. నేను సానుభూతితో వాకిట్లో ఉన్న డ్రైవరు వైపు చూశాను.

తర్వాత ఆమె అసలు సంగతి చెప్పింది. వాసనను గుర్తుపట్టేది ఒట్టి ముక్కు కాదట. టైరు పొగ అనగానే మరకతం తలలో ఏ రోడ్డు, ఏ ఎండ, ఎంత చిరాకు మెదులుతాయో అవన్నీ కలిస్తేనే గుర్తు. ఏ పొగకు భయపడాలో, దేన్ని పట్టించుకోనక్కర్లేదో తేల్చేది అదే. ఆ గుర్తును తలలోంచి చదివి కొండ మీది ముక్కులకు నేర్పే టోపీ ఒకటి ఆమె తయారు చేసింది.

"ఒక్క కష్టం ఉండాదమ్మా. ముందే చెప్పేస్తా," అంది. "జడ ఎట్ల అల్లినారో చూడాలంటే దాన్ని ఇప్పాల గదా. ఈ టోపీ గూడా అంతే. ఒకసారి చదివినాక ఆ గుర్తు నీ దగ్గిర ఉండదు. వాసన తెలుస్తాది, జరిగింది గూడా జ్ఞాపకముంటాది. కానీ ఆ వాసన తగిల్తే లోపల కదిలేది కదలదు."

మరకతం చేతిలో బుడ్డి మూత బిగించి, "టైరు కంపుకు నా లోపల కదిలేది ఏముండాదిలే. తీస్కోమ్మా," అంది.

అలా మొదలైంది. గురువారం గురువారం మేమిద్దరం ల్యాబుకు పోయేవాళ్ళం. తలకు టోపీ, ముక్కు దగ్గర గొట్టం, గొట్టం అవతల గాజుపెట్టెలో పొగ. టైరు పొగ, చెత్త పొగ, సారా బట్టీ పొగ ఇచ్చేసిన రోజుల్లో నవ్వుతూ బయటికొచ్చేది. పీడ వదిలిందనేది. కానీ పనికిమాలిన వాసనలే చాలవు గదా. ఏది మామూలు పొగో తెలిస్తేనే ఏది కానిదో తెలిసేది. అందుకని దోమలకు వేసే వేపాకు పొగ ఇచ్చింది. నీళ్ళు కాచే పొయ్యి పొగ ఇచ్చింది. బెల్లం వండే గానుగ పొగ ఇచ్చింది.

బెల్లం ఇచ్చిన తర్వాత ఒకసారి బస్సులో పెళ్ళికి పోతున్నాం. మా దిక్కున చెరుకు తోటల మధ్య గానుగలు ఎక్కువ. ఆ వాసన తగిలితే చాలు, ఆమె కిటికీకి ముఖం ఆనించి, చిన్నప్పుడు వేడి పాకం ఆకులో పోయించుకుని నాలుక కాల్చుకున్న సంగతి ఎన్నోసారో నాకు చెప్పేది. ఆ రోజు గానుగ దాటిపోయింది. ఆమె ముందు సీటు వైపు చూస్తూ కూర్చుంది.

"బెల్లం కాస్తా ఉండారు," అన్నాను ఆగలేక.

"అవును. తియ్యంగా ఉండాది వాసన," అంది.

ఎన్నోసార్లు విని విసుక్కున్న కథ అది. ఆ రోజు ఆమె ఎత్తనే లేదు. నేనే చెప్పాను ఆ కథ, ఆమెకు. మర్యాదగా విన్నది.

అయితే ముక్కులకు బుద్ధి వచ్చింది. అది ఒప్పుకోవాలి. తాళింపుకు మోగడం మానేశాయి. చెత్తమంట కొండ వైపు తిరిగిందంటే మాత్రం గొంతు చించుకునేవి. కాపలావాళ్ళు చేరేసరికి మంట ఇంకా వాకిలంత ఉండేది, కొమ్మలతో కొట్టి ఆర్పేసేవాళ్ళు. కొన్ని వేసవులు కొండ కాలలేదు. పడమటి వాలులో గుగ్గిలం మొక్కలు మోకాలి దాకా లేచాయి. జల దగ్గర మట్టి చెమ్మగిల్లింది. ఒక రోజు మరకతం కేక వేస్తే పరుగెత్తుకెళ్ళాను. పెరటి గోడ మీద చిలకల జంట. ఇద్దరం పెళ్ళివారిని చూసినట్టు నిలబడి చూశాం. ఆమె పోగొట్టుకున్నదంతా ఆ పూటకు నాకు గిట్టుబాటయినట్టే అనిపించింది.

ఆ మార్చి నెలలో పడమటి వాలు కాలిపోయింది.

పట్టపగలు. దొంగతనంగా గుగ్గిలం తీసేవాళ్ళకు మా మామకున్న ఓపిక లేదు. చెట్టు మొదట్లో మంట పెడితే బంక జలజలా కారుతుంది, చెట్టు చస్తే వాళ్ళకేం. ఆ మంట అంటుకుంది. ముక్కులు ఒక్కటీ మోగలేదు. కొండ కాపలా చెంగల్రాయులు పెట్టె మీద పచ్చలైటు వెలుగుతూ ఉంటే ధీమాగా చెట్టు నీడన సద్ది తింటున్నాడు. తలెత్తేసరికి వాలంతా ఎర్రగా ఉంది. పచ్చికొమ్మ తీసుకుని ఒక్కడే కొట్టబోయాడు. రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. ఆ వాలున మిగిలిన పాత గుగ్గిలం తోపు పోయింది, మోకాలెత్తు మొక్కలన్నీ పోయాయి. మంట కాలనీ వెనక గోడ దాకా వచ్చి, గాలి మళ్ళబట్టి ఆగింది.

మర్నాడు పొద్దున షహీన్ మమ్మల్ని ల్యాబుకు పిలిచింది. ఆమె ముఖం నిద్రలేక పీక్కుపోయి ఉంది. కంప్యూటరు మీద గీతలు చూపించింది.

"యంత్రం చెడిపోయిందేమో అనుకుంటి నాయనా. చెడిపోలేదు. పొగ బాగానే పట్టింది. ఈ గీత చూడండి. భయమైతే ఇది పైకి లేస్తాది. నిన్న మంట ముదిరే కొద్దీ ఇది కిందికి దిగింది. అన్ని ముక్కులూ అట్లనే." ఆమె మరకతం వైపు తిరిగింది. "అవి నిమ్మళించినాయమ్మా. ఎందుకో నాకు తెలీలా."

మరకతం తెర వైపు చూడనేలేదు. "గుగ్గిలం గదా కాలింది," అంది నెమ్మదిగా.

తనే చెప్పింది. "మా నాయన కొండకు పొయ్యింటే మాయమ్మ పొయ్యి కూడా ఎలిగించేది కాదు. పాములు, జారుడు బండలు, ఎన్నుండాయి. ఆయన వాకిట్లో కాలు పెట్టినాకే నిప్పుల మీద గుగ్గిలం ఏసేది. ఆ పొగ వొచ్చిందంటే మా నాయన వొచ్చేసినట్టు. ఇంగ భయం లేదు, అన్నం తినొచ్చు అని. నేను పుట్టినప్పటి నుంచీ అంతే."

"కానీ గుగ్గిలం నేను నిన్నెప్పుడూ అడగలేదు గదమ్మా. అదొక్కటీ వొద్దని పక్కన పెట్టినాం."

"నువ్వు ఏది తీసినా దాని అడుగున అది ఉండాది. నేను పెరిగిన ఇల్లు అది, కాపరం చేసే ఇల్లు అది. ఆ వాసన లేని జ్ఞాపకం నాకు యాడుంది?"

షహీన్ కుర్చీలో కూలబడింది. నాకు అర్థం కావడానికి ఇంకాస్త సేపు పట్టింది. కొండ తగలబడుతుంటే ఆ ముక్కులన్నీ మా మామ ఇల్లు చేరాడని సంతోషించాయి.

సరిచెయ్యడానికి ఒకటే దారి. గుగ్గిలం గుర్తును నేరుగా, మొత్తం చదవాలి. అది ఫలానా ఇంటి పొగ అని ముక్కులకు విడమరిచి చూపిస్తే, కొండ మీద వచ్చేది వేరని వాటికి తెలుస్తుంది. లేదంటే పెట్టెలన్నీ విప్పేసి, ఇంకో మనిషిని వెతికి మొదటి నుంచి మొదలుపెట్టాలి. దానికి ఏళ్ళు పడతాయి. పట్నం వైపు వాలులో తలంబ్రాల కంప పీకల దాకా పెరిగి ఎండి ఉంది. వడగాడ్పులు ఇంకా మొదలే కాలేదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. బత్తీల వ్యాపారం మొదలుపెట్టిన కొత్తలో గుగ్గిలం బేరమాడదామని మునెయ్య ఇంటికి పోయాను. ఆయన అప్పుడే కొండ దిగినట్టున్నాడు. లోపలి నుంచి ఒక పిల్ల పెనంలో నిప్పులు పట్టుకుని, పొగ ఊదుకుంటూ, గది గదికీ తిప్పుతూ వచ్చింది. పొగలో ఆమెకు నేను కనబడలేదు, తీసుకొచ్చి నా ముఖం మీద ఊదింది. దగ్గుతూ నేను అడిగిన ధరకు రెట్టింపు ఒప్పుకుని వచ్చేశాను. తర్వాత ప్రతి శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో అదే పెనం, అదే పొగ. మా కనకవల్లి పుట్టినప్పుడు తలంటి, అందరూ సాంబ్రాణి వేస్తే మేం గుగ్గిలం వేశాం. ఆ పసి జుట్టు పొగకు ఆరబెడుతూ మరకతం ఏదో కూనిరాగం తీసేది. ఇవన్నీ ఆ ఒక్క పొగలో ఉన్నాయి. కొండ కాలుతుందనీ, పట్నం పోతుందనీ కాదు నా భయం. ఆమె లోపల నేనుండే చోటు అదే కదా, అది తీసేస్తే ఎక్కడుంటానని నా భయం. సిగ్గుపడకుండా చెబుతున్నాను.

ఆసుపత్రికి పోయి చెంగల్రాయుల్ని చూశాం. రెండు చేతులకూ కట్లు. భార్య అన్నం కలిపి నోట్లో పెడుతోంది. మరకతాన్ని చూసి లేవబోయాడు.

"పచ్చలైటు ఉండాదని కూచునింటి అమ్మా," అన్నాడు. "నువ్వు నేర్పిన ముక్కులని నాకు అంత నమ్మకం."

ఆయన ఆ మాట గొప్పగా అన్నాడు, తప్పుపట్టడానికి కాదు. మరకతం ఆయన కట్ల వైపు చూస్తూ నిలబడింది. ఆ చూపుతోనే నాకు తెలిసిపోయింది.

ఇంటికొచ్చాక నేను జగడం వేసుకున్నాను. ఈ జిల్లాలో ఇంకో ముక్కు లేదా అన్నాను. కొండ నీ అబ్బసొత్తా అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను, ఎందుకంటే అది వాళ్ళ నాయన నడిచిన కొండే. కనకవల్లికి ఫోన్ చేసి ఎగదోశాను. అది మదనపల్లె నుంచి వాళ్ళమ్మతో చాలాసేపు మాట్లాడి, "అమ్మ ఇష్టం నాయనా. నువ్వు అడ్డం పడొద్దు," అని పెట్టేసింది. ఇంట్లో అందరూ ఒకటి, నేనొక్కణ్ణీ ఒకటి.

మరకతం వసారాలో కూర్చుని చేటలో మసాలా జల్లిస్తోంది. నేను స్తంభానికి ఆనుకుని అలిగి కూర్చున్నాను. నా వయసుకు అలకేమిటని ఎవరైనా నవ్వుకుంటే నవ్వుకోండి.

"ఏందయ్యా, నేను నిన్ను మరిచిపోతానని గదా నీ బాధ?"

నేను ముఖం వీధి వైపు తిప్పుకున్నాను.

"పొగలో ఉండేది ఆ పొద్దుటి నువ్వు. దగ్గుకుంటా నిలబడినావే, ఆ మనిషి. ఆయప్ప పోతాడు, నిజమే. నాకూ కష్టంగానే ఉండాది." చేట పక్కన పెట్టింది. "ఈడ మూతి ముడుచుకుని కూచునేటాయన పొగలో లేడు. ఈయన్ని ఎవురూ తీసకపోరులే."

"ఆయప్పే మేలు," అన్నాను. "నీకు ఆయప్పంటేనే ఇష్టం."

"అవును," అంది. అబద్ధం చెప్పడం ఆమెకు ఎప్పుడూ రాదు.

గురువారం దాకా ఆగలేదు. మర్నాడే పోయాం. షహీన్ గాజుపెట్టెలో నిప్పులు పోసి, వాటి మీద గుగ్గిలం చల్లింది. మా ఇంటి నుంచి తీసుకుపోయిన గుగ్గిలమే. టోపీ పెట్టాక మరకతం నా చెయ్యి పట్టుకుంది. పొగ గొట్టంలోంచి రాగానే ఆమె ముఖం చిన్నపిల్ల ముఖమైంది. నాయనా అంది. తర్వాత ఏమేమో చెప్పింది. తడిసిన బుట్ట, అమ్మ చీర కొంగు, గుక్కపట్టిన పాప, పాప నెత్తి మీద వెచ్చని తడి. మధ్యలో నవ్వింది, "దగ్గుతా ఉండాడు చూడు పాపం," అంది. నేనని నాకు తెలిసింది. నేను ఆమె వేళ్ళను గట్టిగా పట్టుకున్నాను, పట్టుకుంటే ఏదైనా మిగులుతుందేమోనని. ఆమె పట్టు కొంచెం కొంచెంగా సడలింది. మాటలు ఆగిపోయాయి. షహీన్ టోపీ తీసి, "అయిపోయిందమ్మా," అంది.

మరకతం కళ్ళు తెరిచి చుట్టూ చూసింది. "దప్పికగా ఉండాది," అంది. నీళ్ళు తాగి, పైట సర్దుకుని, పోదాం పద అంది.

తర్వాతి రోజుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆమె నాకు అన్నం పెట్టింది, నా మందులు గుర్తుచేసింది, మోపెడ్ మెల్లగా నడపమని తిట్టింది. మనిషి మారలేదు. శుక్రవారం వచ్చింది. పెనం తియ్యడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమె తీస్తుందేమోనని సాయంత్రమంతా కనిపెట్టుకుని ఉన్నాను. ఆమె దీపం పెట్టి, దండం పెట్టుకుని, వంటింట్లోకి పోయింది. ఏదో తక్కువైందని ఆమెకు తోచనే లేదు. గుగ్గిలం బస్తాలు నేనే మూతికట్టి గోడౌన్లో వేశాను. ఇక మల్లె బత్తీలూ చందనం బత్తీలే చేద్దామంటే సరేనంది.

వడగాడ్పులు మొదలైన తర్వాత ఒక మధ్యాహ్నం సైరను మోగింది.

నేను వసారాలో పెట్టెలు కడుతున్నాను. మరకతం అప్పటికే పెరటి తలుపులో నిలబడి కొండ వైపు చూస్తోంది. ముక్కుల కంటే ముందే పట్టింది. "పట్నం వైపు వాలు. గుగ్గిలమే కాలతా ఉండాది. పో, బిన్నా పో," అంది. ఆమె గొంతులో భయం ఉంది. ఆ వాసనకు ఆమె భయపడడం నేను అదే మొదలు చూడడం.

వీధంతా కదిలింది. పచ్చి వావిలి కొమ్మలు విరుచుకుని ఎక్కాం. దొంగలు కత్తులు పారేసి పరుగుపెట్టారు. మంట ఇంకా రెండు చెట్ల మొదళ్ళ దగ్గరే ఉంది, ఒకవైపు కంప అంటుకుంటోంది. చెంగల్రాయులు ముడుచుకుపోయిన చేతులతోనే ముందు నిలబడి, ఎటు కొట్టాలో, గాలి ఎటు తిరుగుతుందో కేకలు వేసి చెప్పాడు. కంపను నరికి వెనక్కి లాగాం. చివరి నిప్పు మీద మట్టి పోశాం. కింద పట్నమంతా ఎండలో మామూలుగా ఉంది. ఏ మేడ మీదో బట్టలు ఆరేసి ఉన్నాయి. మా పక్కింటి కుర్రాళ్ళు నన్ను ఎత్తుకున్నంత పని చేశారు, మీ మరకతమ్మ పుణ్యం తాతా అని. నాకు నిజంగా గర్వంగా ఉంది. కొండ దిగుతూ ఒక బండ పక్కన బొటనవేలంత గుగ్గిలం మొక్క చూశాను. దాన్ని తొక్కకుండా పక్కనుంచి దిగాను.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. మరకతం వాకిట్లోనే నిలబడి ఉంది. నన్ను చూడగానే ఆమె ముఖం తేటపడింది, రెండడుగులు ఎదురొచ్చింది. అంతలో ఆగిపోయింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఆడే నిలబడు. ఏంది నీ మీద ఆ కంపు?"

"కొండ మీది పొగ."

"మంట కంపు అది, భయమైతా ఉండాది. లోపలికి రావొద్దు, పెరట్లోకి పా."

పెరట్లో కొళాయి దగ్గర నన్ను బండ మీద కూర్చోబెట్టింది. చొక్కా విప్పించి దూరంగా విసిరేసింది. బక్కెట నింపి నా నెత్తిన గుమ్మరించింది. శీకాయతో తల రుద్దింది, వీపు రుద్దింది, మెడ వెనక గోళ్ళు పడేటట్టు రుద్దింది. నడి ఎండలో కొండెక్కినావే, ఏమన్నా అయ్యుంటే నా గతేం గాను అని తిడుతూనే రుద్దింది. తిట్టులో ఉన్న ప్రేమ నాకు తెలుస్తూనే ఉంది. చేతులు కాలలేదు గదా అని తిప్పి తిప్పి చూసింది. వంగి నా భుజం మీద వాసన చూసింది.

"ఇంగా ఉండాది," అంది.

"చాల్లే మరకతం. రవంత ఉంటే ఏమి."

"గమ్మునుండు."

మళ్ళీ నీళ్ళు, మళ్ళీ శీకాయ. నేను కళ్ళు మూసుకుని వంగి కూర్చున్నాను. జుట్టులోంచి, చెవుల వెనక నుంచి నీళ్ళు కారిపోతుంటే ఆ పొగ వాసన నాకు కూడా పలచబడుతూ వచ్చింది. ఇంకొక్క క్షణం ఉండమని దాన్ని మనసులో బతిమాలుకున్నాను. మరకతం నా తల దగ్గరికి తీసుకుని, పాపిట దగ్గర ముక్కు ఆనించి, నిదానంగా వాసన చూసింది.

"ఆ," అంది తృప్తిగా. "ఇప్పుడు పోయింది."